పదిహేనో తారీఖు తంతి

1945 జూన్‌లో నన్ను గురజాల తాలూకాలోని ఒక చిన్న ఊరికి సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. మాచర్ల నుంచి గుంటూరు వెళ్లే బండి అక్కడ ఆగేదని తెలిస్తే చాలు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. అంతకుముందు ఏడేళ్లు సిగ్నలరుగా, టెలిగ్రాములు, అంటే తంతులు కొట్టే గుమాస్తాగా పనిచేశాను. ఉత్తరాలూ తంతీ ఒకే కప్పు కింద ఉండే ఆఫీసును మా శాఖలో కంబైన్డ్ ఆఫీసు అనేవాళ్లం. పేరు ఘనమే గానీ ఉన్నవి రెండు గదులు. సిబ్బంది నేనూ, కోటయ్య. ఉత్తరాలు పంచేదీ, తంతి అందించేదీ, ఆఫీసు ఊడ్చేదీ కోటయ్యే. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు ముందు ఐదుగురు పోస్టుమాస్టర్లను చూసినవాడు. నన్ను ఆరోవాడిగా లెక్కేసుకున్నాడు తప్ప అధికారిగా ఎప్పుడూ చూడలేదు.

తంతి పని ఎలా జరిగేదో ఇప్పటివాళ్లకు తెలియదు కనుక నాలుగు మాటలు చెబుతాను. అవతలి ఆఫీసులో సిగ్నలరు మీట నొక్కితే ఇక్కడ బల్ల మీది సౌండరు టకటకలాడుతుంది. చప్పుడు బాగా వినపడటానికి దాని వెనక ఖాళీ సిగరెట్ డబ్బా పెట్టుకునేవాళ్లం. ఆ చప్పుడు వింటూ అక్షరాలు ఫారం మీద రాసుకోవాలి. అవతల వార్త ఇచ్చిన టైము, ఇక్కడ మనకు అందిన టైము రెండూ వేయాలి. ఫారాన్ని కవరులో పెట్టి అంటించి, రసీదు చీటీతో జవానుకివ్వాలి. జవాను వెంటనే బయలుదేరాలి. ‘వెంటనే’ అన్న మాట కింద రూల్సు పుస్తకంలో గీత ఉండేది.

రూల్సు పుస్తకంలో లేనివి కోటయ్య నేర్పాడు. ఆ వైపు ఎవరైనా చనిపోతే తంతిలో ఆ మాట రాసేవాళ్లు కారు. ‘సీరియస్, వెంటనే బయలుదేరండి’ అనే కొట్టించేవాళ్లు. దారిలో గుండె పగలకూడదని, మనిషి ఇల్లు చేరేదాకా ఆశతో రావాలని. నేను అందుకున్న అలాంటి తంతులు పదిలో పదీ చావులే. ఇది తెలిసిన కోటయ్య మరో పద్ధతి పెట్టుకున్నాడు. భోజనాల వేళకు ముందు అలాంటి తంతి వస్తే, ఆ ఇంట్లో నాలుగు మెతుకులు తిన్నారని రూఢి చేసుకుని గానీ ఇచ్చేవాడు కాదు. ఇచ్చాక ఆ పొయ్యి మళ్లీ ఎన్నాళ్లకు వెలుగుతుందో ఎవరికి తెలుసు? అరగంటో గంటో ఆలస్యం. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. అది దయ అనే అనుకున్నాను.

ఖాసింబీ నాకు పరిచయమైంది ఆ ఏడే, ఆగస్టు పదిహేనున. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. భర్త లేడు. ఒక కూతుర్ని కారంపూడిలో ఇచ్చింది. ఒక్కడే కొడుకు కరీముల్లా మిలిటరీ లారీ తోలుతూ బర్మా వైపు ఉన్నాడు. జపాను లొంగిపోయిందని ఆ రోజు తీగ మీద వార్త వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. ఖాసింబీ గుప్పెడు పంచదార కాగితంలో కట్టుకుని ఆఫీసుకు వచ్చి, నా చేతిలో ఇంత, కోటయ్య చేతిలో ఇంత పోసింది. ‘యుద్ధం ఆగిందంటే నా బిడ్డ బతికినట్టే గదా నాయనా’ అని నా చేత మూడుసార్లు అవుననిపించుకుంది. నేను కరీం ఈడువాడినని మొదటిరోజు నుంచే నన్ను నువ్వు అనేది. మరుసటి ఏడు కరీముల్లా నిజంగానే తిరిగొచ్చాడు. గుంటూరులో ఒక లారీల షెడ్డులో మెకానిక్కుగా కుదిరాడు. నెలకోసారి తల్లిని చూడటానికి బండి దిగేవాడు. స్టేషను నుంచి ఇంటికి పోతూ మా కిటికీ దగ్గర ఆగి పలకరించేవాడు. నవ్వు ముఖం.

1947 ఆగస్టు పదిహేను శుక్రవారం. బడి ఆవరణలో ఎనిమిదింటికి జెండా. తారీఖు ఢిల్లీ వాళ్లది, తిథి మాత్రం మనదని మా పురోహితుడు రెండురోజుల ముందు నుంచే గొణుగుతున్నాడు. అధిక శ్రావణం, పైగా బహుళ చతుర్దశి. ఏ శుభకార్యానికీ పనికిరాని రోజట. ముసల్మానులకు అది రంజాను నెల ఆఖరి శుక్రవారం, పెద్ద రోజు. పిల్లలకు మిఠాయి దొరికే రోజు. ఒకే పొద్దును ఊరు మూడు రకాలుగా లెక్కపెట్టుకుంటోంది. నాకు మాత్రం అది సెలవు రోజు. సెలవు రోజుల్లో తంతి కిటికీ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా తెరవాలి. జెండాకు దణ్ణం పెట్టి, చొక్కాకు గుచ్చిన కాగితం జెండాతోనే వచ్చి బల్ల ముందు కూర్చున్నాను.

ఆ ఉదయమంతా తీగ మీద శుభాకాంక్షలే. వాటికి అంకెలు ఉండేవి. అవతలివాడు అంకె కొడితే ఇక్కడ పూర్తి వాక్యం రాసుకోవాలి. చెడ్డ వార్తకు అంకె లేదు, అక్షరం అక్షరం రావలసిందే. పదిన్నరకు ఖాసింబీ వచ్చింది. చేతిలో మళ్లీ పంచదార పొట్లం. ‘ఈ తారీఖు మా ఇంటికి చానా మంచిది నాయనా. మీరిద్దరూ తినండి, నేను రోజా ఉన్నా, ఇయ్యాల ఆఖరి జుమ్మా’ అంది. కిటికీ అవతల నిలబడి కోటయ్యతో ఏదో చెబుతుండగా సౌండరు మోగింది. అంకె కాదు, అక్షరాలు. గుంటూరు. చిరునామాలో ఆమె పేరు. తరవాతి మాటలు: ‘కరీం సీరియస్. వెంటనే బయలుదేరండి.’ ఇచ్చిన టైము పది ఐదు. అందిన టైము పది నలభై.

నేను తల ఎత్తేసరికి ఆమె నవ్వుతూ, ‘ఎవరికి నాయనా తంతి?’ అని అడిగింది.

శుభాకాంక్షలు, ఊళ్లో పెద్దవాళ్లకు, అన్నాను. ఆమె సరేనని తల ఊపి వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా ఆగి కోటయ్యకు ఫారం సంగతి చెప్పాను. తంతిలోని విషయం జవానుకు చెప్పకూడదు. ఆ రూలూ అప్పుడే తప్పాను. ‘పోయాడన్నమాట పిల్లోడు’ అన్నాడు కోటయ్య. ‘ఇప్పుడే ఇయ్యమాకండి సారూ. తెల్లారుగట్ల తిన్న తిండి. పచ్చి మంచినీళ్లు ముట్టలా. పొద్దుగూకి రోజా ఇడిచి ఇంత గంజి తాగినాక నేనే తీసకపోయి ఇస్తా. పోయినోడు ఎటూ పోయె, ఉన్న మనిషిని నిలబెట్టుకోవాల గదా.’

గుంటూరు బండి మధ్యాహ్నం రెండు గంటల లోపు వచ్చేది. ఆ తరవాత మళ్లీ మరునాడు ఉదయమే. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఉపవాసం ఉన్న మనిషి, శవాన్ని చూడటానికి ఐదు గంటలు రైలులో ఒంటరిగా వెళ్లడమా, రేపు ఉదయం నలుగురి తోడుతో వెళ్లడమా అని ఆలోచించాను. సరే అన్నాను. నిర్ణయం నాది. కోటయ్య సలహా ఇచ్చాడు, అంతే. కవరు సొరుగులో పెట్టి తాళం వేశాను. రెండింటికి ముందు బండి కూత వినపడింది. అప్పుడు నేను భోజనం చేస్తున్నాను.

రోజా విడిచాక, ఏడు దాటుతుండగా కోటయ్య తంతి తీసుకెళ్లాడు. వెళ్లేముందు నేను కవరు విప్పి ఇంకో పని చేశాను. ఉదయం పది నలభైకి అందిన తంతి సాయంత్రం ఏడింటికి చేర్చినట్టు కాగితం మీద ఉంటే తనిఖీలో నా ఉద్యోగానికే ముప్పు. అందుకని వేరే ఫారం మీద మొత్తం తిరగరాశాను. అందిన టైము సాయంత్రం ఐదు ఇరవై అని వేశాను. ఆ రోజు తీగలన్నీ శుభాకాంక్షలతో కిక్కిరిసి ఉన్నాయి కాబట్టి ఎవరూ అనుమానించరు. అనుమానించలేదు కూడా. పాత ఫారం చింపి పొయ్యిలో వేశాను. ఇది దయ కాదని నాకు అప్పుడే తెలుసు.

ఖాసింబీ మరునాటి ఉదయం బండికి వెళ్లింది. నాలుగోరోజు తిరిగొచ్చాక సంగతి తెలిసింది. ఆమె వెంట వచ్చిన కరీం తోటి మెకానిక్కే మా కిటికీ దగ్గర నిలబడి చెప్పాడు. పదిహేనో తారీఖు ఉదయం జాకీ జారి లారీ కరీం ఛాతీ మీద కూర్చుంది. ఇతనే ఆసుపత్రిలో చేర్పించి తంతి కొట్టించాడు. సీరియస్ అన్న మాట ఉన్నదున్నట్టుగానే రాయించాడు, ఎందుకంటే కరీం అప్పటికి బతికే ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. సాయంత్రం బండికి తల్లి వస్తుందని లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఇతను స్టేషనుకు వెళ్లి, ఆడవాళ్ల పెట్టె ముందు నిలబడి, అందరూ దిగిపోయేదాకా చూసి, ఒక్కడే తిరిగి వెళ్లాడు. ‘అమ్మ దిగిందా’ అని కరీం అడిగాడట. తొమ్మిది దాటాక పోయాడు.

నేను విన్నాను. తీగలు కిక్కిరిసి ఉండటం వల్ల ఆలస్యమైందని చెప్పాను. అతను నమ్మాడు. పోస్టుమాస్టరు మాట ఎవరు నమ్మరు? ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాను. నా భార్య కారణం అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాను.

తరవాతి నెల నుంచి ఖాసింబీ ప్రతినెలా మా ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. కారంపూడిలో ఉన్న కూతురికి కార్డు రాయించుకోవాలి. బడి పంతులు ఆమె ఇంటి పక్కనే ఉన్నాడు, అడిగితే రాసిపెట్టేవాడు. అయినా నా దగ్గరికే వచ్చేది. బల్లకు ఎదురుగా కూర్చుని, రెండు మాటలు చెప్పి, నేను రాస్తుంటే నా ముఖం చూస్తూ ఉండేది. కార్డులో ఎప్పుడూ కొత్త సంగతి ఏమీ ఉండేది కాదు. మేకకు బాగుంది, వాన పడింది, పిల్లల్ని చూసుకో. రాయడం అయిపోయాక కూడా కాసేపు కదిలేది కాదు. ‘ఇంకేమన్నా ఉందా?’ అని నేను అడిగేవాణ్ణి. లేదని లేచేది.

1948లో మళ్లీ ఆగస్టు పదిహేను వచ్చింది. ఈసారి ప్రతి ఆఫీసు మీదా జెండా ఎగరేయాలన్నారు. మా ఆఫీసు మీద నేనే ఎగరేశాను. ఖాసింబీ కొడుకు పేరున ఫాతెహా ప్రార్థన చదివించింది మాత్రం అంతకు వారం పదిరోజుల ముందే, రంజాను ఆఖరి శుక్రవారం నాడు. ఆమెకు ఆ రోజు ఏటేటా వెనక్కి జరుగుతూ పోతుంది. మా పురోహితుడి లెక్క ప్రకారమైతే అధిక మాసంలో వచ్చిన ఆ తిథి మళ్లీ ఎన్నేళ్లకో గానీ రాదు. తారీఖు ప్రకారం బతికే గవర్నమెంటు నౌకరుకు అది ఎటూ జరగదు. రిటైరయ్యేదాకా, ఏ ఊళ్లో ఉన్నా, ప్రతి ఏడూ ఆ ఉదయం జెండా తాడు నా చేతికే వచ్చేది.

1949 మే నెలలో నన్ను బదిలీ చేశారు. చార్జి అప్పగించిన సాయంత్రం ఖాసింబీ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో దూది ఎండబోసుకుని కూర్చుంది. నిలబడే చెప్పాను: తంతి ఉదయమే వచ్చింది, నువ్వు కిటికీ దగ్గర ఉన్నప్పుడే వచ్చింది, నేనే ఆపాను, టైము మార్చి రాశాను. కారణాలు చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

‘తెలుసు నాయనా,’ అంది. ‘కోటయ్యే నా బిడ్డ నలభయ్యో రోజున వచ్చి చెప్పాడు. ఇదిగో, ఈ గడపలోనే కూలబడి ఏడ్చాడు. నువ్వు కొత్తోడివి, తనే నీకు ఆ బుద్ధి పుట్టించానన్నాడు.’

కోటయ్య రెండేళ్లూ నాతో కలిసి పనిచేస్తూ ఒక్క ముక్క అనలేదు. మరి తెలిసీ నా దగ్గరికి ఎలా వచ్చావు, నెలనెలా నా చేత కార్డులు ఎలా రాయించుకున్నావు అని అడిగాను.

‘కార్డు కోసం ఎవురొచ్చారయ్యా?’ అంది ఆమె. ‘ఈ నెలన్నా చెప్తావేమోనని వచ్చేదాన్ని. ఇయ్యాల చెప్పావు, రేపు నువ్వు ఊళ్లో ఉండవు గాబట్టి.’

తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. దూదిని చేత్తో ఒకసారి తిరగేసి లోపలికి వెళ్లింది. కాసేపు వాకిట్లో నిలబడి వచ్చేశాను. మళ్లీ ఆమెను చూడలేదు.

తరవాతి కాలంలో నేను ఇన్‌స్పెక్టరునయ్యాను. కొత్తగా చేరిన సిగ్నలర్లకు శిక్షణ ఇచ్చాను. వాళ్లకు ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు, రూలు మాత్రం చెప్పేవాణ్ణి. తంతిలో ఏముందో, దాని వెనక ఏముందో ఊహించే పని మనది కాదు. ఎవరు ఎప్పుడు ఏడవాలో నిర్ణయించే పని అసలే కాదు. వచ్చింది వచ్చినట్టు రాసి, వచ్చిన టైము వేసి, పంపించాలి. ఇది కష్టమైన పాఠమేమీ కాదు. సిగ్నలరుగా చేరేముందు పరీక్షలో ఈ ప్రశ్న నాకూ వచ్చింది. పూర్తి మార్కులు వచ్చాయి.