నెరెయా పలకని పేరు

నెరెయా నాకు పెద్ద సవతి. ఆవిడ గురించి ఒక మంచి మాట చెప్పమంటే నేను కాస్త ఆలోచించుకోవాలి. మా ఆయన ఒగ్వెనోకి మేం ముగ్గురం పెళ్ళాలం. గేటుకి ఎదురుగా ఉన్న పెద్దిల్లు నెరెయాది. దానికి ఎడమ పక్కన అకుము ఇల్లు, కుడి పక్కన నా ఇల్లు. ఆయన పోయాడు, ఆ తర్వాత అకుమూ పోయింది. గోడలకు మట్టి మెత్తే దిక్కులేక అకుము ఇల్లు కూలిపోయింది. ఇప్పుడక్కడ మొండిగోడలు, వాటి ముందు ఆమె సమాధి ఉన్నాయి. ఇక మిగిలింది మేమిద్దరం. ఒకే వాకిట్లో, ఒకరి పొయ్యి పొగ ఒకరి కళ్ళలో పడేంత దగ్గరగా బతుకుతున్నాం.

నెరెయా మనిషి పొడగరి. నడిస్తే వాకిలంతా తనదే అన్నట్టు నడుస్తుంది. ఆవిడ జొన్న చేలో కలుపు కనపడదు, ఆవిడ కుండలో అడుగంటిన సంగటి కనపడదు. నిప్పు ఆరిపోతే పస్తుంటుంది గానీ నా పొయ్యిలోంచి ఒక కొరివి అడగదు. నన్ను ఇన్నేళ్ళలో పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. చిన్నదానా అంటుంది, అదీ తప్పు పట్టడానికే. చేపలు వాకిట్లో ఆరబోశావనీ, మేక గింజలు తింటున్నా చూడలేదనీ అంటుంది. నేనూ తక్కువ తినలేదు, అనాల్సినవన్నీ అన్నాను.

అయితే నా మీద ఉన్నది చిరాకు మాత్రమే. అసలైన పగ అకుము మీద. ఒగ్వెనో ఆ ఇంట్లో ఎక్కువ రాత్రులు పడుకునేవాడు గనక అని ఊరంతా అనుకునేది. కాదు. మగాడి కోసం అంత కాలం పగబట్టే మనిషి కాదు నెరెయా. అసలు సంగతి నాకు మా అత్త చెప్పింది.

నెరెయా కొడుకు ఒటియెండె పసివాడిగా ఉన్నప్పుడు గుక్కపట్టి ఏడ్చేవాడట. పాలిచ్చినా ఏడుపే, వీపున కట్టుకున్నా ఏడుపే. అకుము అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. ఒకరోజు మా అత్త విసిగిపోయి వాణ్ణి నెరెయా చేతుల్లోంచి లాక్కుని అకుము ఒళ్ళో పడేసింది. వాడు టక్కున నోరు మూశాడు. అంతే, ఆ రోజు నుంచి వాడికి పాలివ్వాలంటే కన్నతల్లి సవతి గడప దగ్గరికి వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. వాడు పాలు తాగి మళ్ళీ అకుము వైపే చేతులు చాపేవాడు. పెద్దయ్యాక కూడా సరస్సు నుంచి తొలి చేప తెస్తే ఆ గుమ్మంలోనే దించేవాడు. అకుముకి పిల్లలు పుట్టలేదు. ఆమె చచ్చిపోయినప్పుడు ఒటియెండె మట్టిలో పడి పొర్లి ఏడ్చాడు. నెరెయా పార తీసుకుని చేనుకి వెళ్ళిపోయింది.

అలాంటి ఒటియెండెకి ఇప్పుడు కూతురు పుట్టింది. అతను పడవల వెంట ఎక్కడెక్కడి రేవులకో పోతాడు, ఎప్పుడొస్తాడో చెప్పలేం. అతని భార్య రిస్పా తెల్లవారుజామునే ఒడ్డుకి పోయి పడవల దగ్గర చేపలు కొనుక్కుని అమ్ముకోవాలి. లేకపోతే పొయ్యి వెలగదు. పాపని ఎవరు చూస్తారన్న మాట రాకముందే నెరెయా చేతులు చాపేసింది. నేను కూడా చూస్తానన్నాను. నీ చేతులకి చేపల కంపు, పిల్ల కక్కుకుంటుంది అంది నా మొహం మీదే.

ఆ పిల్ల తండ్రిని మించిపోయింది. పొద్దున కాసేపు బాగానే ఉండేది. కళ్ళు తిప్పుతూ లోకాన్ని చూసి, నచ్చలేదన్నట్టు మూతి విరిచేది. మధ్యాహ్నం కాగానే మొదలు. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని ఒకటే అరుపు. వీపున కడితే గుడ్డ బిగుతని ఏడుపు, వదులు చేస్తే జారుతోందని ఏడుపు. నడిస్తే కాస్త తగ్గేది, ఆగితే హెచ్చేది. కూర్చుంటే ఇక చెప్పనక్కర్లేదు. తల్లి పిండి పెట్టి వెళ్ళిన పాలు చెంచాతో పోస్తే ఉమ్మేసేది. నూనె వెచ్చబెట్టి పొట్టకు రాస్తే ఇంకా బిగుసుకునేది. చివరికి దుకాణంలో గ్రైప్ వాటరు సీసా కూడా కొన్నారు. అది తాగి, దాని మీద ఏడ్చింది.

నెరెయా నడిచేది. పెద్దింటి చుట్టూ, కొట్టాం చుట్టూ, గేటు దాకా, మళ్ళీ వెనక్కి. మోకాళ్ళు నొప్పులని కుంటేది, అయినా నడిచేది. సంగటి ముద్ద చేత్తో పట్టుకుని నడుస్తూనే తినేది. నేను చేపలు ఆరబెట్టుకుంటూ చూస్తుండేదాన్ని. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు లోలోపల సంబరంగానే ఉండేది. ఇన్నేళ్ళు అందరినీ ఆడించిన మనిషిని మూరెడు లేని పిల్ల ఆడిస్తోంది కదా అని.

మా లువో తెగలో పసిబిడ్డ ఊరుకోకుండా ఏడిస్తే కడుపునొప్పి అని ముందు అనుకోరు. పోయినవాళ్ళలో ఎవరో తమ పేరు పెట్టమని అడుగుతున్నారని అంటారు. ఒక్కో పేరూ పిలుస్తూ పోవాలి. ఏ పేరుకి బిడ్డ ఏడుపు మానితే ఆ మనిషి వచ్చినట్టు, అదే బిడ్డ పేరు. పిలవాల్సింది పెద్దింటి మనిషి, అంటే పెద్ద భార్య. ఇంకెవరు పిలిచినా అది ఊసుపోక కబురే గానీ పేరు కాదు.

నెరెయా వరసగా పిలిచింది. మా అత్త పేరు, మా అత్తగారి అత్త పేరు, ఒగ్వెనో మేనత్తల పేర్లు, పిడుగు పడి పోయిన ఆడబిడ్డ పేరు. ఊళ్ళో ముసలమ్మలు అరుగు మీద చేరి మర్చిపోయిన పేర్లు కూడా తవ్వి తీశారు. పిల్ల ఒక్కదానికీ ఊరుకోలేదు. ఇంకెవరున్నారని ఒక ముసలావిడ అడిగింది. అందరి చూపూ ఆ మొండిగోడల వైపు పోయింది. నెరెయా లేచి నిలబడింది. గొడ్రాలి పేరు ఈ ఇంట్లో బిడ్డకి పెట్టేది లేదని, తను బతికుండగా ఆ పేరు ఈ పెద్దింట్లో వినపడదని చెప్పేసింది. ముసలమ్మలు గుడ్డలు దులుపుకుని వెళ్ళిపోయారు.

రిస్పా ఒకరోజు పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు బిడ్డకి పాలతో పాటు గాలి పోతోందని, తాగాక భుజాన వేసుకుని వీపు తట్టమని, నెలలు గడిస్తే తగ్గిపోతుందని చెప్పిందట. నెరెయాకి ఒళ్ళు మండిపోయింది. బిడ్డని ఎలా ఎత్తుకోవాలో తనకి ఆస్పత్రి పిల్లలు నేర్పాలా అంది. అంతకుముందు చేతుల మీద పడుకోబెట్టి ఊపేది, ఆ తర్వాత పంతానికి ఇంకా ఎక్కువ పడుకోబెట్టి ఊపింది.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం రిస్పా ఒడ్డు నుంచి వచ్చేసరికి పాప గొంతు బొంగురుపోయి ఉంది. నోరు తెరుస్తోంది గానీ ధ్వని రావడం లేదు. రిస్పా నెమ్మది మనిషి. పెళ్ళైన దగ్గర్నుంచి అత్త ముందు తల ఎత్తి మాట్లాడింది లేదు. ఆ రోజు చేపల గంప కూడా దించకుండా మాట్లాడింది.

"అత్తా, ఆ ఒక్క పేరూ పిలిచి చూడు. పిలవనంటే రేపు పొద్దున్నే పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను."

"పో. మీ అమ్మ మాత్రం ఏం చేస్తుందో నేనూ చూస్తాను."

"మా అమ్మ ఒళ్ళో ఊరుకుందంటే ఇక మళ్ళీ రాను."

నెరెయా మొహం చూడాల్సింది. రిస్పాకి అత్త పాత కథ తెలుసో తెలీదో గానీ, సరిగ్గా పుండు మీదే కొట్టింది. నెరెయా పాపని ఎత్తుకుని నడక మొదలుపెట్టింది. రిస్పా మిగిలిన చేపలు అమ్ముకోడానికి సంతకి పోయింది.

పొద్దు వాలుతుండగా నేను ఆరిన చేపలు గోనెలో ఎత్తుతున్నాను. నెరెయా నడుస్తూ నడుస్తూ ఎన్నడూ లేనిది ఎడమ పక్కకి తిరిగింది. గడ్డి తొక్కుకుంటూ అకుము మొండిగోడల దాకా పోయి సమాధి పక్కన ఆగింది. పాప గింజుకుంటోంది.

"చిన్నదానా, ఇటు చూడు," అంది. "రేపు రిస్పా అడిగితే నువ్వే సాక్ష్యం. ఈ మట్టిలో ఉన్నావిడ వినేలా ఇక్కడే పిలుస్తాను. ఈ పిల్ల ఊరుకోదు. ఇంక ఆ పేరు గొడవ ఈ ఇంటికి వదిలిపోతుంది."

నేను గోనె కింద పెట్టి చూశాను. చూడమంటే చూడనా మరి. నెరెయా, పాప జారిపోతుంటే గబుక్కున లాగి భుజాన వేసుకుంది. వీపు మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచి, రాయి విసిరినట్టు అంది, "అకుమూ!"

పాప బ్రేవుమని తేన్చింది. ఆ తేన్పు నేనున్న చోటికి వినపడింది. అంత చిన్న ఒంట్లో అంత గాలి ఎక్కడ పట్టిందో. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, నెరెయా మెడ మీద బుగ్గ ఆనించి కళ్ళు మూసుకుంది. వాకిలంతా నిశ్శబ్దం. కోడి గింజలు ఏరుకునే చప్పుడు కూడా వినిపించింది.

ఆ తేన్పు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఇక ముందు చెప్పను కూడా. అకుము నాకు కొత్త కాపురంలో మొదటి బుట్టెడు గింజలు ఇచ్చిన మనిషి. ఆమె పేరు ఆ గోడలతో పాటు మట్టిలో కలిసిపోవడం నాకు ఇష్టం లేదు. నెరెయా మాత్రం తేన్పుని తేన్పుగా వినలేదు. పెదాలు పాలిపోయి సమాధి వైపే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వేం చూడలేదు."

"నువ్వే కదక్కా చూడమన్నావు."

నెరెయా లోపలికి వెళ్ళిపోయింది. పాప ఆ సాయంత్రమంతా ఆవిడ భుజం మీదే నిద్రపోయింది. ఆవిడ దించలేదు, పొయ్యి కూడా వెలిగించలేదు. రిస్పా వచ్చి, పాప పడుకోవడం చూసి, ఏమైందని నన్ను అడిగింది. మీ అత్తని అడగమన్నాను. అత్త నోరు విప్పలేదు. రిస్పా తన బట్టలు సంచిలో సర్దుకుంది.

తెల్లారింది. పాప మళ్ళీ ఎప్పటిలాగే రాగం అందుకుంది. రిస్పా దాన్ని వీపున కట్టుకుని సంచి పట్టుకుని బయటికొచ్చింది. నెరెయా వాకిలి ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది, దుమ్ము లేని చోట దుమ్ము లేపుతోంది. రిస్పా వెళ్ళొస్తానంది. నెరెయా తల ఎత్తలేదు. కోడలు నా ముందు నుంచి నడిచి, గేటు తీసి, అవతల కాలు పెట్టింది. పాప ఏడుపు దారి వైపు మళ్ళింది. నాకు నెరెయా మీద ఎంత కోపం వచ్చిందంటే, వెళ్ళి ఆ చీపురు లాక్కుని ఆవిడ నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది.

"ఆగవే," అంది నెరెయా.

రిస్పా ఆగింది.

"దానికి పేరు దొరికింది."

"ఏం పేరు అత్తా?"

నెరెయా నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా అడిగిందంటే అదొక్కటే, అదీ కళ్ళతోనే. నేను కరగలేదు.

"నేనేం చూడలేదు కదక్కా," అన్నాను.

నన్ను కాల్చేసేలా చూసింది. తర్వాత చీపురు కింద పడేసి గేటు దాకా నడిచింది. ముళ్ళ మీద నడుస్తున్నట్టు నడిచింది. రిస్పా వీపు నుంచి ముడి తనే విప్పి, గింజుకుంటున్న పిల్లని చేతుల్లోకి తీసుకుంది.

"అకుము," అంది. పెద్దింటి మనిషి ఊరందరి దారిలో నిలబడి, వినపడేలా అంది.

పాప ఊరుకోలేదు. ఇంకో స్థాయి పెంచింది. రిస్పా కంగారుగా అత్త మొహంలోకి చూసింది. ఈ పేరు కాదేమో అత్తా, ఊరుకోలేదు కదా అంది. నెరెయా వెనక్కి తీసుకోవాలంటే అంతకంటే మంచి అవకాశం రాదు. ఊరుకోలేదు, కాబట్టి కాదు అంటే సరిపోయేది.

"నిన్న ఊరుకుంది. నేను విన్నాను," అంది నెరెయా. "సంచి లోపల పెట్టి ఒడ్డుకి పో. పడవలొచ్చేశాయి."

రిస్పా ఒడ్డుకి పోయింది. నెరెయా పిల్లని ఎత్తుకుని నడక మొదలుపెట్టింది. ఆ పేరు పెట్టినందువల్ల ఏడుపేమీ తగ్గలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నం కూడా అదే అరుపు, అవే ముడుచుకున్న కాళ్ళు. నేను నా చేపల దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఆవిడ మొండిగోడల దగ్గరికి పోయి, పిల్లని రెండు చేతులతో మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఆవిడ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. గొంతులో మాత్రం పాత విషం అలాగే ఉంది.

"ఏడువు, అకుమూ. నీ ఓపిక ఉన్నంతసేపు ఏడువు. అప్పుడు నా కొడుకుని నన్ను ఎత్తుకోనివ్వలేదు నువ్వు. ఇప్పుడు నిన్ను నేను దించను."