మరియమ్మను గుట్ట ఎక్కించిన గురువారం

తాగి చెడినవాళ్లు, పేకాడి చెడినవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. ప్రార్థన చేసి చెడినవాణ్ణి చూడాలంటే మాత్రం మా గోదావరిఖని రావాలి, వచ్చి నన్నే చూడాలి. బుద్ధిగా చాప మీద కూర్చుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క పూటలో నేను చేసిన నిర్వాకం కళ్లు తెరిచి ఎవరూ చేసి ఉండరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను గనిలో హాలేజీ నడిపేవాణ్ణి. అంటే బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో ఏటవాలు దారిలో పైకి లాగే యంత్రం దగ్గర డ్యూటీ. చదువు ఏడో తరగతితో ఆగింది గానీ లెక్కలు నన్ను వదల్లేదు. దేన్ని చూసినా కొలవబుద్ధయ్యేది. పెళ్లిచూపుల్లో రూతమ్మ గుమ్మం నుంచి చాప దాకా పదకొండు అడుగులు వేసింది. ఆ రోజు ఆమె ముఖం ఎలా ఉందని అడిగితే మాత్రం చెప్పలేను.

ఆ డిసెంబరుకు రూతమ్మకు ఎనిమిదో నెల. కాళ్లు వాచాయి. ఎక్కువ నడవొద్దని, గురువారం పది గంటలకు డాక్టరమ్మకు చూపించి తీరాలని నర్సమ్మ గట్టిగా చెప్పి పంపింది. కిందటిసారి డ్యూటీ పేరు చెప్పి నేను తప్పించుకున్నాను.

"ఈసారన్న వస్తవా?" అంది రూతమ్మ.

"వస్త. మూల మీది సమ్మన్న ఆటో మాట్లాడి తొమ్మిదిన్నరకల్ల గుమ్మం ముంగట పెడ్త."

"లెక్క తప్పవు గద?"

"నేను లెక్క తప్పుడా?" అన్నాను. పొగరు చూడండి.

ఆ నెలలోనే ఆగమన కాలం. క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాలు ప్రభువు రాకకు ఎదురుచూసే రోజులు. మా పాస్టరయ్యగారు ఆ ఏడు కొత్తరకం ప్రార్థన నేర్పారు.

"వాక్యం చదివి మూసెయ్యకండి. కళ్లు మూసుకుని అందులోకి నడవండి. యోసేపు, మరియ నజరేతు నుంచి బెత్లెహేముకు పోతున్నారు. మీరూ వెంట వెళ్లండి. దుమ్ము వాసన చూడండి, ఆమె వగర్పు వినండి. మూడో ఆదివారం మీరు చూసింది లేచి చెప్పండి."

అందరూ తలలూపారు. నేను చెయ్యెత్తాను.

"ఎంత దూరం అయ్యగారూ?"

"దూరం కాదు దేవయ్యా, వాళ్లకు దగ్గర కావడం ముఖ్యం."

"మంచిదే. సుమారుగ ఎంతుంటది?"

ఆయన నిట్టూర్చి ఆశీర్వాదం ఇచ్చేశారు.

ఇంటికొచ్చి బైబిలు చివరున్న పటం మీద దారం పరిచి కొలిచాను. తొంభై మైళ్లు తేలింది. క్రిస్మసు ముందు సాయంత్రానికి చేర్చాలి. చేతిలో ఇరవై నాలుగు రోజులు. రోజుకు మూడు ముప్పావు మైళ్లు. నిండు మనిషికి ఇంతకంటే తేలిక డ్యూటీ ఏ మేనేజరూ వెయ్యడు. లూకా సువార్తలో గాడిద ఊసు లేదు. నేనే జాలిపడి మంజూరు చేశాను.

అబద్ధం ఎందుకు, మొదటి వారం మనసు నిండిపోయింది. ఆ తల్లి వగర్పు నిజంగానే వినిపించేది. యూదయ దేశం నేను చూసి ఎరగను గనక దారంతా మా దారే: అటూ ఇటూ తుమ్మలు, ఆకుల మీద బొగ్గుపొడి. యోసేపు నెత్తిన గనివాళ్ల టోపీ, దానికి దీపం కూడా ఉండేవి. పెద్దమనిషిని తియ్యమని ఎలా అంటాం?

రెండో వారం మంగళ, బుధవారాలు డ్యూటీ మీద డ్యూటీ పడి ప్రార్థనకు నాగా. అంటే ఆ దంపతులు రెండు రోజులుగా దారి పక్కన నిలబడి నా కోసం చూస్తున్నారన్నమాట. గురువారం పొద్దున లెక్క వేశాను. మూడు రోజుల నడక కలిపి పదకొండుంపావు మైళ్లు. ఎనిమిదికి కూర్చుంటే తొమ్మిదింపావుకు లేచి ఆటోకు పోవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను బెత్లెహేముతో మొదలుపెట్టాను.

నా ఖర్మకు ఆ రోజే దారిలో గుట్ట తగిలింది. అక్కడ గుట్ట ఉందో లేదో దేవుడికెరుక. నాకు బాగా తెలిసిన గుట్ట ఓపెన్‌కాస్టు గని పక్కన పోసిన మట్టి గుట్ట ఒక్కటే. దాన్నే ఎత్తి యూదయలో పెట్టాను. గాడిద ఎక్కలేక ఆగింది. మరియమ్మ దిగింది. అంతే, నాలోని హాలేజీవాడు లేచాడు. గనిలో టబ్బులు నడిచే దారి పక్కన, మనిషి ఒదిగి నిలబడేందుకు గోడకు గూళ్లు తొలుస్తారు. ఆ తల్లి ఆగి ఊపిరి తీసుకోవడానికి గుట్ట పొడుగునా అరవై అడుగులకో గూడు తొలవసాగాను. ఒకటి, రెండు, పది, ఇరవై. కళ్లు మూసుకుని గడియారం చూసే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా.

అప్పుడు వినిపించింది ఆడగొంతు.

"పోదమా? టైమైతంది."

"పోదం తల్లీ," అన్నాను. మరియమ్మ నాతో మాట్లాడుతోంది, అదీ మన యాసలో. నా భక్తికి నేనే పొంగిపోయాను.

"బండి వచ్చిందా?"

"గాడిద మొరాయిస్తంది. గుట్ట కిందనే ఆగింది."

నేను సమ్మన్నను తిడుతున్నానని, ఆటో ఎక్కడో చెడిపోయిందని వంటింట్లో ఉన్న రూతమ్మ అనుకుందట. ఈ సంగతి తరువాత తెలిసింది.

"మరి నడ్వాల్నా నేను?"

"మెల్లగ నడువు. అరవై అడుగులకోసారి ఆగు, ఊపిరి తీస్కో. ఫికర్ చెయ్యకు, నేను ఎన్కనే ఉన్న."

"ఉంటవ్ ఉంటవ్," అంది మరియమ్మ.

సువార్తలో ఆమె ఇలా మాట్లాడదే అని అప్పుడైనా అనుమానం రావద్దా? రాలేదు. ఇంకో తొమ్మిది గూళ్లు తొలిచి, గుట్ట దాటించి, ఆమేన్ అని కళ్లు తెరిచాను. గడియారంలో పదీ పది. ఇల్లు నిశ్శబ్దం. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేవు.

ఎదురింటి మల్లవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, రూతమ్మ ఏది?"

"దవాఖానకు పాయె. నువ్వే నడువుమన్నవట గద బిడ్డా."

"నేనా?"

"అరవై అడుగులకోసారి ఆగుమన్నవట. పాపం, లెక్కవెట్టుకుంట పోయింది పిల్ల. గింత లెక్కగల్ల మొగడు ఎవలకు దొరుకుతడు?"

అందరూ అందలమెక్కితే మోసేదెవరని సామెత. మొగుడు కళ్లు మూసుకుంటే ఆటో పిలిచేదెవరు? మూల దాకా ఉరికాను. సమ్మన్న ఆటోలో కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

"లే సమ్మన్నా, జల్ది."

"పొద్దటి సంది ఖాళీగనే ఉన్నగదనే. ఒక్కసారి పిలిస్తే రాకపోదునా?"

దవాఖాన ఇంకా సగం దూరం ఉందనగా కల్వర్టు మీద కూర్చుని కనిపించింది. ముఖమంతా చెమట. వాచిన కాళ్లకు చెప్పులు పట్టక చేత్తో పట్టుకుంది. నా గుండె గని అడుగుకు జారింది.

"నొప్పులున్నయా?"

"లేవు."

"కోపమా?"

"మాట్లాడకు, లెక్క తప్పుతది. ముప్ఫై ఎనిమిది సార్లు ఆగిన."

సమ్మన్న దిగి, "ఎక్కు వదినె," అన్నాడు.

"గుట్ట కింద మొరాయించింది నువ్వేనా?"

"నేనా? నేను మూల మీదికెల్లి కదల్లే."

ఆమె నా వైపు తిరిగింది. ఆటోలో దారం దగ్గర్నుంచి గూళ్ల దాకా మొత్తం ఒప్పుకున్నాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. అంతకంటే తిట్టడమే నయం.

లేచి వెళ్లబోతున్న డాక్టరమ్మను తలుపు దగ్గర అందుకున్నాం. చూసి, బిడ్డ బాగానే ఉందని, తల్లికి మాత్రం విశ్రాంతి కావాలని చెప్పింది.

"ఈ కాళ్లతో నడిపించిందెవరు?" అందావిడ.

"మా ఆయన బెత్లెహేముకు పోయిండు మేడం. నన్ను ముంగట నడువుమన్నడు."

డాక్టరమ్మ నన్ను తాడు తెగిన టబ్బును చూసినట్టు చూసింది.

మూడో ఆదివారం వచ్చింది. చూసింది చెప్పమన్నారు పాస్టరయ్యగారు. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. దారమూ లెక్కల కాయితమూ జేబులో పెట్టుకునే వెళ్లాను. నేను లేచేలోపే నా భుజం ఆసరాగా పట్టుకుని రూతమ్మ లేచింది.

"నేను గూడ చేసిన అయ్యగారు, గురువారం సంది రోజు చేస్తున్న. నాకు యోసేపు మంచిగ కనవడ్డడు."

"ఏం చేస్తున్నాడమ్మా?"

"మరియమ్మ చెయ్యి వట్టుకొని నడుస్తండు. బెత్లెహేము దాక ఆయన ఒక్కసారి గూడ కండ్లు మూసుకోలే."

మందిరంలో నవ్వని మనిషి లేడు. పాస్టరయ్యగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు దాగలేదు. రూతమ్మ కూర్చుంటూ, ఎవరికీ కనిపించకుండా నా చెయ్యి పట్టుకుంది.

జనవరిలో మాకు కూతురు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

కాబట్టి చదువుతున్న మీ అందరి సాక్షిగా, సంఘం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా ప్రార్థనలో "పోదమా" అని ఏ ఆడగొంతు వినిపించినా, అది పరలోకం నుంచి వచ్చిందో వంటింట్లో నుంచి వచ్చిందో విచారించను. ముందు లేచి చెప్పులు తొడుక్కుంటాను.