కత్తిపీట దగ్గర ఇచ్చిన మాట

ఫరీదాబాద్‌లో మా అమ్మాయి నర్సు. తను ఆసుపత్రికి పోతే ఇల్లూ వంటా నేను చూసుకునేదాన్ని. యమున ఒడ్డు నుంచి ఒకావిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా సెక్టారుకు వచ్చేది. బీహారు మనిషి. భర్త పడవ మీద వెళ్లి పట్టేవాడు, ఈవిడ అమ్మేది. మా గుమ్మం ముందే కత్తిపీట వేసుకుని కోసిచ్చేది. తల, తోక, జన ఏదీ పారెయ్యనిచ్చేదాన్ని కాదు. జన అంటే చేప కడుపులోని గుడ్లు. కారం పట్టించి వేపితే ఒక పూట కూర గడిచిపోతుంది.

మా మనవరాలు యూనివర్సిటీలో నదుల్లోని చేపల మీద చదువుతూ ఢిల్లీలోని మునిర్కాలో అద్దె గదిలో ఉండేది. ఒక వానాకాలం ఇంటికొచ్చి, ఆ జన తనకు కావాలంది.

"తినడానికా?" అన్నాను.

"చూడ్డానికి అమ్మమ్మా. నా చదువు కోసం వేరే చేపల్ని చంపడం ఎందుకు? ఆంటీ ఎలాగూ కోస్తోంది కదా."

"చూసి పారేస్తావు. వేపితే ఇంటిల్లిపాదీ తింటాం."

చేపలావిడ నవ్వి హిందీలో అంది. "ఇచ్చెయ్యండి మాతాజీ. చదువుకున్న పిల్ల చేప కడుపే అడుగుతోంది, మన కడుపు కాదు."

మనవరాలు ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. మీ పేరు రాయను, ఎక్కడ పట్టారో బయటపెట్టను, ఏం తేలినా అందరికంటే ముందు మీ ఇంటికొచ్చి చెబుతాను అని మాటిచ్చింది. ఆవిడ కత్తి ఆపకుండానే "ఠీక్ హై" అంది.

ఆ వానాకాలమంతా జన సీసాల్లోకి పోయింది. నాకు పెద్ద నష్టమేమీ కాలేదు. మా గోదావరి చేపల్లో జన పచ్చగా పొంగి ఉండేది. ఇవి ఎండిపోయిన చిక్కుడుకాయల్లా ఉన్నాయి.

చలి మొదలయ్యాక మనవరాలు నన్ను వెంటబెట్టుకుని వాళ్ల గుడిసెకు వెళ్లింది. భార్యాభర్తలిద్దరికీ చెప్పింది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసేచోట చేపలు సరిగా గుడ్లు పెట్టడం లేదు, వాటి ఒంట్లో విషం చేరింది, పిల్లలకు అసలు పెట్టకండి.

ఆయన లేచి బయటికి పోయాడు.

"మేం రోజూ తినేది అదే బిటియా," అంది ఆవిడ, మా పిల్లను కూతురిలా పిలుస్తూ.

"అందుకే ముందు మీకు చెప్పాను ఆంటీ."

"నిన్నటిదాకా ఆకలి ఒక్కటే ఉండేది. ఇక ఎవరి పిల్లల నోట్లో పెడుతున్నానో కూడా చూసుకోవాలి. మరి ఫ్యాక్టరీ వాళ్లకు ఎప్పుడు చెబుతావు?"

"కాలుష్యం చూసే సర్కారు ఆఫీసులో రిపోర్టు ఇస్తాను. వాళ్లు వింటారో లేదో చెప్పలేను."

"మేం విన్నాం," అంది.

తర్వాత ఆవిడ మా వీధికి రాలేదు. రిపోర్టు ఆఫీసుకు వెళ్లింది. నది నీళ్లు అలాగే నల్లగా పారాయి.

మరుసటి ఎండాకాలం బజారులో ఒక చేపల కొట్టు దగ్గర ఆవిడ కనబడింది. వేరే వాళ్ల కొట్టు, అదే కత్తిపీట.

"మీ ఆంధ్రా చేపే మాతాజీ. ఐసు పెట్టెల్లో వస్తుంది," అంది.

కోసింది. కడుపులో జన లేదు. "చెరువుల్లో పెంచిన చేప. గుడ్లు కట్టకముందే పట్టేస్తారు."

పడవ ఏమైందని అడిగాను. చలికి చెక్కలు ఊడదీసి కాల్చుకున్నామంది.

నేను అడక్కుండానే తల, తోక పొట్లం కట్టి చేతికిచ్చింది. బిటియా ఎలా ఉందని అడుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. అప్పటికే ఆవిడ తర్వాతి మనిషికి కొయ్యాల్సిన చేప అందుకుంది.