ఏసుదాసు చార్టులో నేను రాసిన జ్వరం

మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే దగ్గు తెర వచ్చింది. ఉమ్మితే ఎర్రగా పడింది. ఆకువక్క రసమనుకుని మళ్లీ నాడె అందుకున్నాను. కండెలు చుడుతున్న నా భార్య సుబ్బమ్మ లేచి వచ్చి, "ఈ పొద్దు నువ్వు ఆకొక్క ఏసుకోలేదు కదా!" అంది. అప్పుడు నాడె కింద పెట్టేశాను.

అవి యుద్ధం రోజులు. నూలు కంట్రోలు వల్ల నగరిలో మాకు పని సరిగా లేదు. అర్ధాకలికి చిక్కిపోయాననుకున్నాం. చిత్తూరులో ఎక్స్‌రే తీసి, కఫం తీసుకుని స్పూటం పరీక్ష చేసి, "టీబీ. కుడి లంగ్‌లో కేవిటీ ఉంది, బొక్క పడింది. శానిటోరియంకు పో, ఇంట్లో ఉండొద్దు" అన్నారు డాక్టరు. ఆ పూటే నా పళ్లెం, చెంబు వేరు చేశారు. మా నాయన నా మొహం చూడలేక బయటికి వెళ్లిపోయాడు.

శానిటోరియంలో నా పక్క మంచం ఏసుదాసుది. బంగారుపాళ్యంలో మామిడితోట కాపలా మనిషి, నాకంటే చిన్నవాడు. ఇద్దరికీ ఏ.పి. చేసేవారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి, గాలి ఎక్కించి, చెడిన లంగ్‌ను అణచడమన్నమాట. మిగతాదంతా పడుకోవడమే. జ్వరం మేమే చూసుకుని చార్టులో రాసుకోవాలి. ఏసుదాసుకు అక్షరం ముక్క రాదు. వాడి చార్టు కూడా నేనే రాసేవాడిని.

అక్కడి బీరువాలో అట్ట ఊడిన నవల ఒకటి దొరికింది. పేరున్న పేజీ కూడా లేదు. ఇద్దరు స్నేహితుల కథ. రోజూ సాయంత్రం మెల్లగా వాడికి చదివి వినిపించేవాడిని. అందులో ఒకడు స్నేహితుణ్ని కాపాడడానికి పంచాయతీలో అబద్ధమాడి, నింద తన నెత్తిన వేసుకుంటాడు. అక్కడికొచ్చేసరికి ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఏసుదాసు దుప్పటి మొహాన కప్పుకుని ఏడ్చాడు. అయినవాళ్లే పళ్లెం వేరు పెట్టిన మనిషిని నేను. స్నేహమంటే ఇదీ అనుకున్నాను.

రెండు రోజులకు వాడికి నూటొకటి జ్వరం వచ్చింది. రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"రాయొద్దు అన్నా. రాస్తే నన్ను ఆ పక్క, జబ్బు ముదిరినోళ్ల వార్డులో ఏస్తారు. ఆడ పలకరించే దిక్కుండదు. కత అయిపోయేదాకన్నా ఈడ ఉండనీ."

"తప్పురా అబ్బా. డాక్టరుకు తెలియాల గదా."

"ఆ కతలో వాడు ఆడలేదా అబద్ధం? నాకోసరం నువ్వు ఆ మాత్రం సేయవా?"

తొంభై ఎనిమిదీ పాయింటు నాలుగు అని రాశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రాస్తుంటే గొప్పగా అనిపించింది. ఎనిమిది రోజులు అట్లాగే రాశాను.

తొమ్మిదో రోజు వాడికి ఊపిరి అందలేదు. డాక్టరుగారు సూది పెడితే చీము వచ్చింది. చార్టు తిరగేసి, "ఎవరయ్యా ఇది రాసింది?" అన్నారు. చెప్పాను. ఆయన చార్టు పక్కన పెట్టారు.

"ఎఫ్యూజన్ మొదట్లోనే తెలిసుంటే, లంగ్ చుట్టూ చేరిన నీరు చీము పట్టకముందే తీసేసి ఉందును కదయ్యా. తీసినా బతికేవాడని చెప్పలేను. ఇప్పుడు మాత్రం చేసేదేమీ లేదు."

తిట్టి ఉంటే బాగుండేది.

వాడు భయపడ్డ ఆ పక్క వార్డుకే మార్చారు. కిటికీ దగ్గరికి వెళ్తే, "కత యాడికొచ్చిందన్నా?" అని అడిగాడు. ఇంకా నాలుగు అధ్యాయాలు ఉన్నాయి. పుస్తకం చేతిలోనే ఉంది. చదవకుండానే వెనక్కి వచ్చేశాను. ఐదో రోజు పోయాడు.

నా కేవిటీ మూసుకుంది. స్పూటం నెగటివ్ అని ఇంటికి పంపారు. మగ్గం తొక్కకూడదన్నారు గనక ఇప్పుడు నేనే కండెలు చుడుతున్నాను. గండం గడిచిందని సుబ్బమ్మ కాణిపాకం వెళ్లి మొక్కు తీర్చుకుంది. నేను మాత్రం బతికి ఏం బావుకున్నానో తెలియదు.

ఈ జబ్బుతో మంచం పట్టినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పక్క మంచం మనిషి జ్వరం దాచమని బతిమాలితే దాచకండి, వెంటనే నర్సును పిలవండి. తిట్టనీ, జన్మలో మాట్లాడనని అననీ. నామీద పగబట్టి, నా పేరెత్తితే ఉమ్మేస్తూ, ఏసుదాసు ఆ మామిడితోటలో బతికుంటే నాకంతే చాలు కదా!