లేని పడవలో షికారు

బస్సెక్కించి తిప్పి, కడుపునిండా పెట్టి, పోయేటప్పుడు చేతికో సంచీ ఇచ్చి పంపితే, ఆ చోటు గురించి చెడ్డమాట రాయడానికి నాకు చెయ్యి రాని రోజులవి. తొంభైల్లో కాకినాడ నుంచి వచ్చి, మేడ్చల్‌లో గది అద్దెకు తీసుకుని, ఓ పత్రిక ఆదివారం అనుబంధంలో కొత్తగా చేరాను. శామీర్‌పేట చెరువు పక్కన కొత్తగా పెట్టిన రిసార్టువాళ్లు విలేకరులందరినీ పిలిచారు. ఆ పూటంతా మేం శ్రద్ధగా పరిశీలించింది భోజనాల హాలునే. (బిర్యానీకి వంక పెట్టడానికి వీల్లేదు, ఈరోజుకీ అదే మాట చెబుతాను.) ఆహ్వానంలో రాసిన షికారు పడవలు ఎక్కడని అడిగితే మేనేజరు, "మీ వ్యాసం అచ్చయ్యేసరికి నీళ్లలో ఉంటాయి సార్" అన్నాడు. నమ్మాను. నమ్మడమే కాదు, ఎక్కేశాను కూడా. "పడవ మెల్లగా ఊగుతుంటే చల్లగాలి నా చెంపలు నిమిరింది" అని రాసి, నా వాక్యానికి నేనే మురిసిపోయాను. మా సీనియర్ చదివి, "పైకొస్తావోయ్" అన్నారు.

ఇంటి ఓనరుగారి అమ్మను అందరిలాగే నేనూ అవ్వ అనేవాణ్ణి. ఆవిడకు చదువు రాదు. నా వ్యాసం పడిందంటే చాలు, మనవరాలి చేత చదివించుకుని వినేది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ పడవెక్కలేదట. మరుసటి ఆదివారం ఇంటిల్లిపాదినీ ఆటోలో కూర్చోబెట్టి, "నువ్వెక్కిన పడవే ఎక్కుత బిడ్డా" అని బయల్దేరింది. ఆపాలని నోటిదాకా వచ్చింది. ఈపాటికి పడవలు వచ్చే ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం ఆటో దిగుతూనే అవ్వ నా గదికొచ్చింది. చీవాట్లు తప్పవనుకున్నాను.

"పడవ దాసిపెట్టిండ్రు బిడ్డా! లేనే లేదంటరు. మా పిలగాడు ఎక్కిండు, పేపర్ల రాసిండు, యాడ దాసిండ్రో తియ్యుండ్రి అని గేటు కాడ మస్తు లొల్లి జేసిన. నువ్వు అబద్ధం రాసినవంటరు. నేనూకుంటనా?"

ఆవిడ తిట్టినా బాగుండేది. మేకుకు వేలాడుతున్న రిసార్టువారి సంచీ వైపు చూడలేక తల దించుకుని, "నేనెక్కలేదవ్వా. అక్కడ పడవే లేదు" అన్నాను.

"ఎక్కకుంటే గాలెట్ల తగిలింది బిడ్డా?" అంది అవ్వ. అది ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్ని నెలలకు పడవలు వచ్చాయని తెలిసి, అవ్వను బస్సులో నేనే తీసుకెళ్లాను. నాకు నీళ్లంటే ఎంత భయమో పడవ కదిలాకే తెలిసింది. (సముద్రం పక్కన పుట్టినవాణ్ణని అంతకుముందు కోతలు కోసేవాణ్ణి.) కళ్లు గట్టిగా మూసుకుని అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"కండ్లు తెరువు బిడ్డా, గాలి తగుల్తాంది. ఇగ రాయాల్నంటే సూడాలె గద!" అంది అవ్వ.

ఆ తరవాత చాలా ఊళ్లు తిరిగాను, కొన్ని పిలిచినవాళ్ల ఖర్చుతోనే. ఎక్కనిది ఎక్కానని మళ్లీ ఎప్పుడూ రాయలేదు. చెంపలు నిమిరించుకున్న నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. నిజంగా ఎక్కిన పడవ గురించి మాత్రం వాడు ఒక్క ముక్కా రాయలేకపోయాడు. ఆ రోజు పడవలో ఒక కన్ను తెరిచి చూస్తే వాడికి నీళ్లూ కనబడలేదు, గట్టూ కనబడలేదు. ఎదురుగా అవ్వ నవ్వుతోంది.