మాట, పాట, బాట

మా చెల్లెలికి పుట్టు చెవుడు. సిరిసిల్లలో, మా ఇంట్లో, అదొక లోటని మాకెప్పుడూ అనిపించలేదు. ఇంటి వెనక షెడ్డులో తెల్లారినప్పటి నుంచి సాంచాలు నడుస్తూనే ఉండేవి. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని బాపు, అమ్మ, పనికి వచ్చేవాళ్లు, అందరూ గొంతు లేకుండా పెదవులు కదిపి, దానికి చెయ్యి జోడించి మాట్లాడుకునేవారు. అక్కడ అందరిదీ చెల్లెలి భాషే. బడికి పోతేనే అది చెవిటిదయ్యేది.

నాకంటే ఏడాది చిన్నదైనా, తోడుగా ఉంటుందని దాన్ని నా తరగతిలోనే కూర్చోబెట్టారు. 'కూసుంటే కూసోనియ్యి, పాపం' అనేవారు సార్లు. బోర్డు మీద ఏది రాస్తే అది ముగ్గులా ముద్దుగా దించుకునేది. అందులో ఒక్క ముక్కకూ అర్థం తెలియదు.

మేం అయిదో తరగతిలో ఉండగా కొత్త టీచర్ వచ్చింది. సొంతూరు కోరుట్ల. అంతకు ముందు జగిత్యాలలో పనిచేసిందట. వేములవాడలో కిరాయికి ఉంటూ రోజూ బస్సులో వచ్చేది. చెల్లెలి కోసం సంచిలో గ్లాసు, తాళం చెవి, ఉల్లిగడ్డ, ఇట్లాంటివన్నీ పట్టుకొచ్చి, ఒక్కోదాని పక్కన దాని పేరు రాసి చూపించేది. వస్తువుల పేర్లు చెల్లెలికి త్వరగానే పట్టుబడ్డాయి. కానీ 'పోయింది', 'వద్దు', 'నిన్న' ఏ సంచిలో దొరుకుతాయి? అక్కడ ఇద్దరూ ఆగిపోయారు.

నక్సలైట్ అన్నల బందులు, పోలీసుల గాలింపులు మామూలైపోయిన ఏళ్లవి. ఒక మధ్యాహ్నం వేములవాడ దారిలో బస్సును కాలబెట్టారని కబురొచ్చింది. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్లలందరూ వెళ్లిపోయాక టీచర్ ఒక్కతే సంచి పట్టుకుని వరండాలో నిలబడి ఉంది.

"మా ఇంటికి రాండ్రి టీచర్" అన్నాను.

కాసేపు రోడ్డు వైపు చూసి, నా వెంట నడిచింది.

ఇంటికి రాగానే చెల్లెలు షెడ్డులోకి ఉరికింది. టీచర్ దాని వెనకే వెళ్లి గుమ్మంలో ఆగిపోయింది. ఆ చివర సాంచ దగ్గరి నుంచి బాపు ఏదో అడిగాడు. చెల్లెలు పెదవులతో జవాబు చెప్పింది. నూలు కండెలు చుడుతున్న అమ్మ మధ్యలో ఒక మాట కలిపింది. పని చేస్తున్న మరొకాయన దానికి ఎదురు మాట వేశాడు. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత టీచర్‌ను చూపిస్తూ ఎంతసేపో ఏమేమో చెప్పింది. బస్సు కాలిన సంగతి, వరండాలో నిలబడిన సంగతి, అన్నీ. నేను తెచ్చిచ్చిన చాయ్ టీచర్ చేతిలోనే చల్లారిపోయింది.

సాంచాలు ఆపాక అమ్మను అడిగింది. "ఇది గింత మాట్లాడుతదా?"

"మాట్లాడకేంది టీచరమ్మ. సాంచాల కాడ అందరం గట్లనే మాట్లాడుతం."

టీచర్ కొంచెంసేపు పెదవులు మాత్రమే కదిపి చూసుకుంది. "మాట, పాట, బాట. మూడూ పెదవి మీద ఒక్కతీర్గనే కనవడుతయ్ గదా. ఎట్ల తెలుస్తది మీకు?"

అమ్మ కూడా పెదవులు కదిపి చూసుకుంది. ఎన్నడూ ఆలోచించని సంగతి. "నిజమే. గందుకే చెయ్యి గూడ ఆడిస్తం. పాటంటే గిట్ల, బాటంటే గిట్ల" అని చేత్తో చూపించింది.

తెల్లవారి నేను లేచేసరికి, రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన టీచర్, చెల్లెలు వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. టీచర్ దాని అరచేతిని తన నోటి ముందు పెట్టుకుని 'ప' అంది. చిన్న గాలి తగిలింది. గొంతు మీద పెట్టుకుని 'బ' అంది. గొంతు అదిరింది. ముక్కు మీద పెట్టుకుని 'మ' అంది. చెల్లెలు తన ముక్కు పట్టుకుని చూసుకుంది, గొంతు పట్టుకుని చూసుకుంది. మళ్లీ టీచర్ గొంతు పట్టుకుంది. ఆ క్షణంలో దాని ముఖం ఎట్లా ఉందో చెప్పడానికి ఇప్పటికీ నా దగ్గర మాట లేదు.

ఆ రోజు తరగతిలో టీచర్ కిటికీ వెలుగు తన ముఖం మీద పడేలా నిలబడి, "ఇయ్యాల ఎవ్వలం గొంతు తియ్యద్దు" అంది. బోర్డు మీద మాట, పాట, బాట అని రాసింది. నోటి ముందు చెయ్యి పెడితే ప, గొంతు మీద వేలు పెడితే బ, ముక్కు మీద పెడితే మ. సాంచాల ఇళ్ల పిల్లలం సగం తెలిసిందే కదా, వెంటనే అందుకున్నాం. కూలి పనులు చేసుకునే ఇళ్ల పిల్లలకు మొదట ఏమీ అర్థం కాలేదు. టీచర్ చెల్లెల్ని పిలిచి వాళ్ల మధ్యలో కూర్చోబెట్టింది. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఆ రోజు ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, నోరు తిప్పి, అదే వాళ్లకు నేర్పింది.

అట్లా కొన్ని రోజులు నడిచాక, ఒక ఉదయం బడి ముందు పోలీసు జీపు ఆగింది. ఎక్కాల అరుపులు వినపడాల్సిన చోట నిశ్శబ్దంగా ఉందని అనుమానం వచ్చిందేమో. తుపాకులతో లోపలికి వచ్చారు. మేం చేతులు ఆడిస్తున్నవాళ్లం అట్లాగే బిగుసుకుపోయాం.

"ఏం చదువమ్మా ఇది? ఈ సైగలు ఎవలు నేర్పిన్రు?" పెద్దాయన గొంతు కటువుగా ఉంది.

"మాట నేర్పుతున్న సార్. కావల్నంటే మీరే ఒక మాట చెప్పుండ్రి. గొంతు తియ్యకుండా చెప్పుండ్రి" అంది టీచర్. ఆమె చెయ్యి చెల్లెలి భుజం మీద ఉంది.

ఆయన తన వెంట వచ్చినవాళ్ల వైపు చూశాడు. తర్వాత పెదవులు మాత్రం కదిపాడు. చెల్లెలు బోర్డు దగ్గరికి పోయి 'అబ్బ' అని రాసింది. దాని కింద 'అమ్మ' అని రాసింది. ఆయన వైపు తిరిగి ముందు గొంతు మీద, తర్వాత ముక్కు మీద వేలు పెట్టి చూపించి, ఏదని కనుబొమలు ఎగరేసింది.

"గొంతుల నుంచి అత్తదా, ముక్కుల నుంచి అత్తదా అని అడుగుతున్నది సార్. దీనికి చెవులు వినవడయ్."

ఆయన నోటిలోనే ఆ మాట అనుకుని చూసుకున్నాడు. మెల్లగా వేలెత్తి ముక్కు మీద పెట్టుకున్నాడు. చెల్లెలు 'అబ్బ' తుడిపేసింది.

ఆయన మంచినీళ్లు అడిగి తాగి, "పాండ్రి" అని మిగతావాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. జీపు పోయాక టీచర్ కుర్చీలో కూలబడింది.

సాంచాల దగ్గరి పెదవి మాట ఒక్కోదాని పక్కన రాత పెట్టుకుంటూ పోయేసరికి 'పోయింది', 'వద్దు', 'నిన్న' కూడా దొరికాయి. ఏడాది గడవకముందే చెల్లెలు వాక్యాలు రాయసాగింది. తర్వాత హైస్కూలు చదివి, పది పాసై, జగిత్యాలలో టైపు నేర్చుకుని అక్కడే ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుంది. నేను టీచర్నయ్యాను.

చాలా ఏళ్ల తర్వాత కోరుట్లలో టీచర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రిటైరైంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆ ఉపాయం ఎట్లా తోచిందని అడిగాను.

"తోచుడేంది బిడ్డా. అప్పటిదాంక బోర్డు దిక్కు తిరిగి చెప్పిన. మీ ఇంటికి అచ్చినంక దాని దిక్కు తిరిగిన. గంతే" అంది.

రోజూ బోర్డు ముందు నిలబడేదాన్ని నేను. ఆ 'గంతే' ఎంత పెద్దదో నాకు తెలుసు. ఆమె లోపలికి పోయి ఉడకబెట్టిన జొన్న గుడాలు తెచ్చి నా ముందు పెట్టి, చెల్లెలి పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పమంది.