ముప్పై గంటల ముక్క

భూపాల్ సార్ చేతికి లోహమేదైనా చిక్కితే వంచకుండా వదలరు. మొయినాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలో లోహశాస్త్రం చెప్పే ఆయన పెళ్లికెళ్తే గరిటె పట్టుకుంటారు. బస్సెక్కితే కిటికీ చువ్వ.

క్యాంటీన్ మల్లేశ్ మొత్తుకునేవాడు. “సార్, ఉప్మా తినుండ్రి. చెంచాను ఇడిసిపెట్టుండ్రి.”

“ఎట్ల వంగుతున్నదో సూడు! దీన్ల గట్టి రేణువులు లెవ్వు.”

“ఉప్మాల గుడ లెవ్వు సార్. రవ్వ జల్లెడ పట్టిన.”

చివరి ఏడాది ప్రాజెక్టు పరీక్ష మర్నాడనగా ఆయన విద్యార్థిని సింధుజ కొంప మునిగింది. అల్యూమినియం ముక్కలు గట్టిపడాలంటే వాటిని ఫర్నేస్‌లో ఎనిమిది గంటలుంచాలి. మధ్యలో కరెంటు పోతే, అది ఆరిపోయిందనుకుని చేవెళ్లలో ఇంటికి వెళ్లిపోయింది. జనరేటర్ అందుకున్న సంగతి ఎవరూ చెప్పలేదు. ముక్కలు ముప్పై గంటలు కాలాయి.

సార్ ఒకటి అందుకుని వంచారు. ఇట్టే వంగింది. సింధుజకు ఏడుపొచ్చింది.

“ఫెయిలయిపోయిన సార్.”

“జర ఆగు బిడ్డా. చేవెళ్ల మార్కెట్ల చిన్న టమాట గంపలు దగ్గర దగ్గర పెడితే నడుస్తవా?”

“సందేడుంటది సార్?”

“అవే టమాటలు నాలుగు కుప్పలు పోస్తే?”

“ఆటోనే పోతది.”

“గంతే. వంగేటప్పుడు లోహంల పొరలు జరుగుతయ్. సన్న రేణువులు దగ్గర దగ్గరుంటే అడ్డం పడతయ్. ఎక్కువ కాలిస్తే కలిసి పెద్దగయితయ్, సందులు పెరుగుతయ్. తప్పు నీదే. జవాబు గుడ నీదే.”

ఆయన బీరువా తెరిచారు. తప్పు చేసిన పిల్లల చిట్టా అందులో ఉందని కాలేజీ అంతా వణికేది. తీరా చూస్తే లోపలున్నవి వంగిన ముక్కలు, వాటికి చీటీలు. “ప్రవీణ: పన్నెండు గంటలు, నిద్రపోయింది.” “సుకుమార్: ఇరవై, క్రికెట్ మ్యాచ్.” “భూపాల్: పదహారు, మరిచిపోయిన.”

పొరపాటు పడ్డ ప్రతివాడి ముక్కనూ వంచి, బలం కొలిచి, తర్వాతి పిల్లల కోసం దాచారు ఈ పెద్దమనిషి! సింధుజకు ఆయన మీద ప్రేమ పొంగింది.

“ముప్పై దాకా ఎవ్వరు పోలే. ఆ ఖాళీ నువ్వే నింపినవ్,” అంటూ ఆ కొలతలన్నిటితో ఆమె చేత గ్రాఫ్ గీత గీయించారు. ఎనిమిది గంటలు దాటిన కొద్దీ బలం దిగుతూ పోయింది.

మర్నాడు పరీక్షాధికారి ఆ గీత చూసి అబ్బురపడ్డారు. “ఇంత ఓపికగా కాల్చిందెవరమ్మా?”

“నేనే సార్. జనరేటర్ సాయం చేసింది.”

సింధుజ పాసైంది. సార్ చీటీ రాసి చెయ్యి చాపారు. “ముక్క ఇటియ్యి, బీరువాల పెడత.”

“ఇయ్య సార్. మా అవ్వకు చూపియ్యాలె.”

ఆయన మొహం చిన్నబోయింది. “అయితే జర... ఇంకొక్కసారి వంచి ఇస్త.”

సింధుజ నవ్వుతూ అందించింది.